మాట తెగే చోటు: తండ్రీకొడుకుల నాటిక రాసి ఆడటం ఎలా

తండ్రీకొడుకులు విడిపోయే నాటిక అనగానే చాలామంది ముందు రాసేసుకునేది గొడవ సీను. ఇద్దరూ గొంతు చించుకుంటారు, తల్లి నోట్లో కొంగు కుక్కుకుంటుంది, తండ్రి "నువ్వు నాకు పుట్టలేదనుకుంటా" అంటాడు, లైట్లు ఆరిపోతాయి. చప్పట్లు కూడా పడతాయి. అయితే మన ఇళ్లల్లో పొద్దున అరుచుకున్న తండ్రీకొడుకులు సాయంత్రానికి ఒకే టీవీ ముందు కూర్చుంటారు. నిజంగా తెగిపోయిన ఇంట్లో అరుపులుండవు. కొడుకు మూడడుగుల దూరంలో ఉండగానే తండ్రి భార్యవైపు తిరిగి "నీ కొడుకుని అన్నానికి రమ్మను" అంటాడు. ప్రేక్షకుణ్ణి ఆ వాక్యం దాకా నడిపించాలి. ఆ తర్వాత, ఆ మాట మోసే మనిషిని కూడా మధ్యలోంచి తీసేయాలి. నాటిక పని ఇంతే, కష్టమంతా అందులోనే ఉంది.

ఇక్కడ చెప్పేది బెంగళూరు తెలుగువాళ్లు ఉగాదికో, సంఘం వార్షికోత్సవానికో వేసుకునే గంట నాటికకి సరిపడే పద్ధతి. ఐదు పాత్రలు, ఒకటే సెట్టు: రెండు బెడ్‌రూముల ఫ్లాటులో హాలు. మాట్లాడుకోవడానికి ఒక కథ పెట్టుకుందాం. తండ్రి మదనపల్లె పక్క పల్లెలో రిటైరైన టీచరు, రెండెకరాల మామిడితోట ఉంది. కొడుకు బెంగళూరు మారతహళ్లిలో ఫ్లాటు కొన్నాడు. తోట అమ్మి బ్యాంకు లోను తీర్చేద్దామంటాడు. తల్లి, కోడలు, ఊళ్లో ఉన్న కూతురు మిగతా మూడు పాత్రలు.

ముందు లెక్క, తర్వాత డైలాగు

కొడుకు దుర్మార్గుడైతే నాటిక పది నిమిషాల్లో అయిపోతుంది. తండ్రి మూర్ఖుడైనా అంతే. ఇద్దరిదీ న్యాయమే అయినప్పుడే గంటసేపు కూర్చోబెట్టగలం. దానికి ఒక పరీక్ష ఉంది. డైలాగులు మొదలుపెట్టకముందు తండ్రి తన వైపు నుంచి ఒక పేజీ, కొడుకు తన వైపు నుంచి ఒక పేజీ చెప్పుకున్నట్టు రాయండి. కథ తెలియని ఇద్దరికి చదవడానికివ్వండి. ఇద్దరూ ఒకరి పక్కే మాట్లాడితే రెండో పేజీ బలహీనంగా ఉన్నట్టు. అది సరిచేశాకే ముందుకెళ్లండి.

కొడుకు పేజీకి బలం అంకెల్లో ఉంటుంది. 60 లక్షల లోను, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే నెలకి కట్టేది 52 వేల పైచిలుకు. మొత్తం కట్టేసరికి కోటీ పాతిక లక్షలు. ప్రేక్షకుల్లో సగం మంది ఇదే కడుతున్నవాళ్లు. "బోలెడు అప్పుంది నాయనా" అంటే వాళ్లకి ఏమీ అనిపించదు. "52 వేలు" అంటే కుర్చీలో సర్దుకుంటారు. అంకె తప్పు రాస్తే మాత్రం మూడో వరసలో ఒకాయన ఫోను తీసి లెక్కేస్తాడు, మీ సీను అక్కడితో పోతుంది.

తండ్రి బలం అంకెల్లో పెట్టకండి. తోట ఆయనకి రేటు కాదు, దినచర్య. ఏ నెలలో పూత, ఎప్పుడు మందు కొట్టాలి, బోరు ఎన్ని గంటలు నడుస్తుంది అనేవి ఆయన నోట మామూలు మాటల్లా రావాలి. తోట గురించి ఒక్క భావుకమైన వాక్యం కూడా వద్దు. "ఆ చెట్లు నా బిడ్డలు" అని తండ్రి చేత అనిపించారా, ఆయన కొడుకుతో కాకుండా ప్రేక్షకులతో మాట్లాడుతున్నట్టే.

ఆస్తి ఉన్న కథ గనక చట్టం తెలుసుకుని రాయాలి. "నీకు చిల్లిగవ్వ ఇవ్వను" అనే బెదిరింపు స్వార్జితం మీదే చెల్లుతుంది. దాన్ని ఆయన వీలునామాతో ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితమైతే కొడుక్కి పుట్టుకతోనే వాటా ఉంది. కూతురికీ ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు 1986 సవరణతో వచ్చిన హక్కు, 2005 సవరణతో దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. కాబట్టి తోట పిత్రార్జితమని మొదటి పది నిమిషాల్లో తేల్చేస్తే కూతురు సంతకం కూడా కావాల్సి వస్తుంది, ఆ పాత్ర అలంకారం కాకుండా కథలోకి దిగుతుంది. ఇంకో దారి: చూసుకోవాలనే షరతుతో తండ్రి ఇదివరకే ఆస్తిని కొడుకు పేర గిఫ్టు డీడ్ చేసి ఉంటే, 2007 నాటి వృద్ధ తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షను కింద దాన్ని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. ఇది పదునైన మలుపే కానీ, వాడారంటే నాటిక కోర్టు కథ అయిపోతుంది. గంట నాటికలో దీని జోలికి పోకపోవడం మేలు.

కోడలి మీద నేరం తోసేయడం అన్నిటికన్నా సులువైన దారి. చప్పట్లు గ్యారంటీ. కానీ మూడో మనిషి అబద్ధం వల్ల విడిపోయారంటే, అబద్ధం బయటపడగానే తండ్రీకొడుకుల మధ్య మిగిలేది ఏమీ ఉండదు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల 'విషాద సారంగధర' గుర్తుందిగా, అక్కడ సవతితల్లి చిత్రాంగి చెప్పిన అబద్ధమే కత్తి. నిజం తెలిసేసరికి శిక్ష అమలైపోయింది కాబట్టి అది విషాదం. మీ కథలో ఎవరి కాళ్లూ చేతులూ తెగవు. అందుకని కారణం ఇద్దరి మధ్యే ఉండాలి. ఈ విషయంలో ప్రహ్లాదుడి కథ మంచి నమూనా: తండ్రి అడిగేది ప్రతిసారీ ఒకే ప్రశ్న, కొడుకు చెప్పేది ప్రతిసారీ ఒకే జవాబు, పెరిగేది పందెం ఒక్కటే. మన కథలో తోట అమ్మకం కాగితాల గురించి కొడుకు అడిగే ఆ ప్రశ్న "సంతకం ఎప్పుడు పెడతావు?" అన్నది. నాటిక మొత్తంలో దీన్ని నాలుగుసార్లు అడిగించండి, అడిగే గొంతు మాత్రం మార్చండి.

పిలుపుల మెట్లు

స్క్రిప్టు పూర్తయ్యాక ఎడమ మార్జిన్‌లో ఒక గీత గీసి, ప్రతి డైలాగు పక్కన ఆ మనిషి ఎదుటివాణ్ణి ఏమని పిలిచాడో రాయండి. ఏమీ పిలవకపోతే సున్నా. ఆ మార్జిన్ ఒక్కటీ పైనుంచి కిందికి చదివితే బంధం ఎక్కడ ఎలా సన్నబడిందో కనిపించాలి. కనిపించలేదంటే డైలాగులు ఎంత బాగున్నా నాటిక కదలడం లేదన్నమాట.

మదనపల్లె వైపు కుటుంబమైతే కొడుకు "నాయనా" అంటాడు, తండ్రి "ఒరే అబ్బోడా" అంటాడు. గుంటూరు వాళ్లయితే "నాన్నా", "ఒరేయ్ అబ్బాయ్". ఏదో ఒకటి పట్టుకోండి, కలపకండి. మొదటి బీట చాలా చిన్నదిగా ఉండాలి: ఇంట్లో "నాయనా" అనే కొడుకు ఆఫీసు స్నేహితుడితో ఫోన్లో "మా డాడీ వచ్చారు" అంటాడు. తండ్రి వింటాడు, ఏమీ అనడు. ప్రేక్షకుడు కూడా అప్పటికి పెద్దగా పట్టించుకోడు. పట్టించుకోకపోవడమే మనకి కావాల్సింది.

తర్వాతి మెట్టులో కొడుకు వాక్యాల్లోంచి "నాయనా" రాలిపోతుంది. "నాయనా, కాఫీ తాగినావా?" అన్నవాడే "కాఫీ తాగినావా?" అంటాడు. దాని తర్వాత తండ్రి వైపు నుంచి "ఒరే" పోతుంది. చనువున్నచోటే "ఒరే" ఉంటుంది, కోపం వచ్చినా ఉంటుంది. అది పోయి "ఎప్పుడొచ్చారు సార్?" అన్నాడంటే ఇల్లు చల్లబడినట్టు. ఈ వెటకారపు "సార్" ఒక్కసారే వాడండి. రెండోసారి వాడితే హాస్యం అవుతుంది.

ఆ తర్వాత తల్లి మధ్యలోకి వస్తుంది. ఇక్కడ ఆగి జాగ్రత్తగా రాయాలి, నాటికకి గుండెకాయ ఇదే. తండ్రికి కొడుకు "నీ కొడుకు" అవుతాడు, కొడుక్కి తండ్రి "ఆయప్ప" అవుతాడు. ఇద్దరూ ఒకే గదిలో ఉండి మాటలన్నీ తల్లికే అప్పగిస్తారు. తల్లి వాటిని ఉన్నదున్నట్టు మోయదు. మొదటిసారి ఇలా:

తండ్రి: వానికి సిగ్గూ శరమూ లేవని చెప్పు.
తల్లి: అబ్బోడా, అన్నం తిన్నావా అని అడగతాండాడు నాయన.
కొడుకు: నాకేం అక్కర్లేదని చెప్పు.
తల్లి: తిన్నాడంట.

హాలు నవ్వుతుంది. నవ్వాలి కూడా. రెండోసారి ఇంకో మాటకి ఇలాగే మార్చి చెబుతుంది, నవ్వు కొంచెం తగ్గుతుంది. మూడోసారి తండ్రి "ఆ సంతకమేదో పెట్టేస్తా, ఆ తర్వాత నా గడప తొక్కొద్దని చెప్పు" అంటాడు. తల్లి ఒక అక్షరం కూడా మార్చకుండా చెప్పేస్తుంది. అంతకుముందు రెండుసార్లు నవ్వించారు కాబట్టే ఈసారి హాలు నిశ్శబ్దమవుతుంది. ఎన్నిసార్లన్న లెక్క ముఖ్యం. ఒకసారి మార్చి చెప్పి రెండోసారే నిజం చెబితే అలవాటు ఏర్పడదు. నాలుగైదుసార్లు లాగితే తల్లి పాత్ర జోకర్ అయిపోతుంది.

చివరి మెట్టు: తల్లి మానేస్తుంది. "మీ మాటలు మీరే చెప్పుకోండి" అని లోపలికెళ్లి తలుపేసుకుంటుంది. ఇప్పుడు ఇద్దరు మగవాళ్లు, ఒక హాలు, మధ్యలో మాట మోసేవాళ్లు లేరు. తెగే సీను ఇది. ఇందులో డైలాగు పది వాక్యాలు దాటితే కోసేయండి. "నాకు తలకొరివి పెట్టొద్దు" అనేది మన భాషలో తండ్రి అనగల అతి పెద్ద మాట. అందుకే పరిషత్తు పోటీల నాటికల్లో అరిగిపోయింది. వాడాలనిపిస్తే ఇక్కడ కాదు, అంతకు ముందే, తండ్రి మామూలుగా కాఫీ తాగుతూ "తలకొరివి మీ అక్క కొడుకు పెట్టినా చెల్లుతుందంటరా?" అని పంచాంగం విషయంలా అడిగేలా రాయండి.

ఏ నిమిషంలో ఏది

టైపు చేసిన పేజీ రంగస్థలం మీద దాదాపు నిమిషంన్నర నుంచి రెండు నిమిషాలు పడుతుంది. గంట నాటికకి 30 నుంచి 35 పేజీలు చాలు. మౌనాలున్న నాటిక గనక 30 దగ్గరే ఆపండి.

సంఘాల సభల్లో నాటిక ముందు దీపప్రజ్వలనం, ఉపన్యాసాలు ఉంటాయి, జనం ఆ లెక్క వేసుకుని ఆలస్యంగా వస్తారు. మొదటి ఎనిమిది నిమిషాల్లో కీలకమైనదేదీ పెట్టొద్దు. "మా డాడీ" ఫోను పదో నిమిషంలో. సంతకం ప్రశ్న మొదటిసారి పదిహేనో నిమిషంలో. తల్లి రాయబారం 28 నుంచి 40 మధ్య. తెగే సీను 43 దగ్గర మొదలై 48 కల్లా అయిపోవాలి. మిగతా పన్నెండు నిమిషాలు తెగిన తర్వాతి జీవితానికి. చాలా నాటికల్లో ఈ భాగమే ఉండదు. తెగిన మరుక్షణం తండ్రికి గుండెపోటు వస్తుంది, కొడుకు కాళ్లమీద పడతాడు, తెర పడుతుంది. గుండెపోటు రాసేవాడికి విశ్రాంతి, అంతే.

ఆ పన్నెండు నిమిషాల్లో తండ్రి సంతకం పెట్టేయాలి. కొడుకు కోరుకున్నది దక్కుతుంది, తోట అమ్ముడుపోతుంది, లోను తీరుతుంది. అడిగినవాడికి కాగితం చేతికొస్తుంది, అడగడానికి ఎదురుగా మనిషి ఉండడు. కె.ఆర్.పురం దగ్గర బస్సెక్కితే హోసకోటె, చింతామణి మీదుగా మదనపల్లె మూడు నాలుగు గంటల ప్రయాణం. దూరం ఇంత తక్కువ కాబట్టే తండ్రి వెళ్లిపోవడం పెద్ద విషయం కాదు, తిరిగి రాకపోవడం పెద్ద విషయం. "వచ్చే ఆదివారం వస్తాడులే" అని కోడలు ఒక మాట అంటే చాలు.

నిలబడే చోట్లు

టీవీని ప్రేక్షకుల వైపు ఊహించుకోండి, నిజమైన టీవీ పెట్టకండి. తండ్రీకొడుకులిద్దరూ దాన్ని చూస్తూ కూర్చుంటే ముఖాలు హాలుకి కనిపిస్తాయి, ఒకరినొకరు చూసుకోవాల్సిన పని ఉండదు. ఎంత పెద్ద గొడవైనా ఇలా ముందుకి చూస్తూ నడపొచ్చు. ఒకరి వైపు ఒకరు తిరిగి అరుచుకునే సీనులో సగం హాలుకి ఒక్కొక్కరి వీపే కనిపిస్తుంది. వంటింటి గుమ్మాన్ని సెట్టు వెనక వైపు మధ్యలో పెట్టండి, అప్పుడు తల్లి ఎక్కడ నిలబడినా ఇద్దరి మధ్యే ఉంటుంది. బాల్కనీ ఒక పక్కన, అందులో ఒక ప్లాస్టిక్ కుర్చీ. మొదట్లో సోఫా మీద కొడుకు పక్కనే కూర్చునే తండ్రి, సీను సీనుకీ జరిగి చివరికి ఆ కుర్చీలోకి చేరాలి. ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు.

వస్తువు ఒకటి పెట్టుకోండి, రెండొద్దు. తండ్రి బీపీ మాత్రల్ని కొడుకు ప్రతి ఆదివారం సర్దిపెట్టడం మంచి ఎంపిక. అయితే ఏడు గళ్ల ప్లాస్టిక్ పెట్టె ఆరో వరస దాటితే కనిపించదు. స్టీలు డబ్బా వాడండి. మాత్రలు అందులో పడే చప్పుడు చివరి వరసకీ వినిపిస్తుంది, చివర్లో తండ్రి డబ్బా ఊపితే చప్పుడు రాకపోవడమూ వినిపిస్తుంది.

చెయ్యి ఎత్తడం

చెంపదెబ్బ పెట్టాలా వద్దా అని ముందే తేల్చుకోండి. పెట్టకపోవడమే మంచిది. తప్పదంటే ఎప్పుడూ తగిలించి కొట్టకండి. చెవి, దవడ దగ్గర పొరపాటు జరిగితే నిజంగా దెబ్బతింటారు. కొట్టేవాడు ప్రేక్షకులకి వీపు చూపేలా, తినేవాడు ఎదురుగా చెయ్యి చాపితే అందనంత దూరంలో నిలబడాలి. చెయ్యి ముఖానికి అడుగు ముందునుంచి పోవాలి. చప్పుడు తినేవాడే తన పొట్ట దగ్గర అరచేతులు కలిపి చేయాలి, తల అదే క్షణంలో తిరగాలి. చప్పుడు ముందూ తల తర్వాతా అయితే హాలు నవ్వేస్తుంది. ముందు కళ్లు కలవడం, తర్వాత చెయ్యి, ఈ వరస తప్పకూడదు. కళ్లు కలవకపోతే ఎదుటివాడు సిద్ధంగా లేడని అర్థం, ఆపేయాలి.

బెంగళూరు రంగశంకర థియేటరులో ఈ కిటుకు పనిచేయదు. అక్కడ రంగస్థలం ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, పక్కల నుంచి చూసేవాళ్లకి చేతికీ చెంపకీ మధ్య ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది. అలాంటిచోట తండ్రి చెయ్యి ఎత్తి ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు గాల్లో ఉంచాలి, కొడుకు కనురెప్ప కూడా వాల్చకూడదు. దెబ్బకి వెనకాడే కొడుకు ఇంకా కొడుకే.

రిహార్సల్స్, లిపి

ఉద్యోగాలవాళ్లతో వారం మధ్యలో రిహార్సల్ పెట్టుకోవడం ట్రాఫిక్‌తో పందెం కాయడమే. ఎనిమిది వారాంతాలు, రోజుకి మూడు గంటలు పెట్టుకోండి. మొదటి రెండు వారాంతాలు కూర్చుని చదవడమే. మూడో వారం నుంచి కదలికలు. ఆరో వారానికి కాగితం చేతిలో ఉండకూడదు. అపార్టుమెంటు క్లబ్‌హౌసులో చేస్తే సెక్యూరిటీకి, అసోసియేషన్‌కి ముందే చెప్పండి. తండ్రీకొడుకుల అరుపులు విని కింది ఫ్లాటువాళ్లు పంచాయితీకి రావడం మామూలే.

ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు తెలుగు బాగా మాట్లాడినా చదవలేకపోవచ్చు. వాళ్లకి స్క్రిప్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసివ్వడం పెద్ద పొరపాటు. దీర్ఘాలు పోతాయి, 'ల'కీ 'ళ'కీ, 'న'కీ 'ణ'కీ తేడా పోతుంది, అలా కంఠతా పట్టాక మళ్లీ దిద్దలేం. కన్నడ చదవగలిగితే కన్నడ లిపిలో ఇవ్వండి, దాదాపు ప్రతి అక్షరానికీ జోడీ ఉంది. అదీ రాకపోతే ప్రతి పాత్ర మాటలూ ఒక్కరి గొంతుతో, భావం లేకుండా రికార్డు చేసి పంపండి. భావంతో చదివి పంపితే అందరూ ఆ ఒక్కరినే అనుకరిస్తారు.

తండ్రి వేషం వేసేది సాధారణంగా నలభై లోపు మనిషే. చేతులు వణికించడం, దగ్గడం, వంగి నడవడం మాన్పించండి. 62 ఏళ్ల టీచరు రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాడు. వయసు లేచేటప్పుడూ కూర్చునేటప్పుడూ కనిపిస్తే చాలు: కూర్చునే ముందు చేత్తో కుర్చీ తడుముకుంటాడు, లేచాక ఒక క్షణం ఆగి అడుగేస్తాడు. కణతల దగ్గర మాత్రమే తెలుపు. గొంతు విషయంలో ఒక నియమం: కోపం పెరిగేకొద్దీ తండ్రి గొంతు తగ్గాలి, కొడుకుది పెరగాలి. ఇద్దరూ ఒకే శ్రుతిలో మొదలుపెడితే రెండు నిమిషాల్లో పైకప్పు తగులుతుంది, ఆ తర్వాత వెళ్లడానికి చోటుండదు.

లైట్లు, శబ్దం

ఎనిమిది లైట్లు సరిపోతాయి. సెట్టులోని హాలుకి ట్యూబులైటులా తెల్లగా, బాల్కనీకి కొంచెం పచ్చగా. గొడవ రాగానే ఎర్రలైటు వేసే అలవాటు మానండి, మాట్లాడేవాడి వెంట స్పాటు తిప్పడం కూడా. తెగే సీనులో లైటు అసలు మారకూడదు. నేపథ్య సంగీతం బదులు ఇంటి శబ్దాలు చాలు: కుక్కరు విజిలు, లిఫ్టు చప్పుడు, పక్కింటి మిక్సీ. కుక్కరు మూడో విజిలు తల్లి మౌనం మీద పడాలంటే ఆపరేటరుకి డైలాగు మీద కాకుండా ఆమె కదలిక మీద క్యూ (సంకేతం) ఇవ్వండి. మౌనాలు ప్రతి రోజూ ఒకే పొడవుండవు.

కాలర్ మైకు వాడితే ఛాతీ మీద పెట్టకండి, పెనుగులాటలో ఆ రాపిడికి హాలంతా గరగరమంటుంది. నుదుటి మీద జుట్టు అంచున అంటించండి. వేలాడే మైకులైతే సెట్టు మీద పరుపో తివాచీయో వేయాలి, లేదంటే అడుగుల చప్పుడే ఎక్కువ. రవీంద్ర కళాక్షేత్ర వెనకున్న సంస బయలు రంగమందిరంలో వేస్తే గుసగుసలు, చిన్న మౌనాలు గాల్లో కలిసిపోతాయి. తల్లి రాయబారం అక్కడ కూడా పండుతుంది కానీ మాత్రల డబ్బా పండదు. దాని బదులు తండ్రి సంచి లాంటి పెద్ద వస్తువు పెట్టుకోండి.

నిర్వాహకులతో ఒక మాట ముందే అనుకోండి. నాటిక అయిన వెంటనే స్టేజీ మీదకొచ్చి శాలువాలు కప్పడం మన అలవాటు. తెర పడ్డాక రెండు నిమిషాలు హాల్లో లైట్లు వేయించకండి, మైకు ఎవరికీ ఇవ్వొద్దనండి. నటులు వందనానికి వచ్చేటప్పుడు తండ్రీకొడుకులు చేతులు పట్టుకుని రాకూడదు. తండ్రి ఎడమ వింగు నుంచి, కొడుకు కుడి వింగు నుంచి రావాలి, మధ్యలో తల్లి నిలబడాలి. శాలువాల కార్యక్రమం విరామం తర్వాత పెట్టుకోవచ్చు.